చేతికర్రా, చాకా, తాళంచెవా? మారువేషం కట్టిన పాత తుపాకుల్లో ఏది కొనాలి

గత నెల హ్యూస్టన్ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. ఏదో వేలం క్యాటలాగ్ ముందేసుకుని కూర్చున్నాడట. "అన్నయ్యా, మూడు నచ్చాయి. చేతికర్ర తుపాకీ, చాకు పిస్టల్, జైలర్ తాళంచెవి పిస్టల్. డబ్బు మాత్రం ఒక్కదానికే ఉంది. ఏది పాడమంటావ్?"

"ఆ తాళంచెవి ఏ తాళానికైనా పడుతుందేమో అడుగు ముందు" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. నాకూ మొదట్లో అర్థం కాలేదు, డబ్బు పోయాకే తెలిసింది. అమెరికా వచ్చిన కొత్తలో ఒక వారాంతపు సంతలో నూట ఎనభై డాలర్లు పోసి అలాంటి తాళంచెవే కొన్నాను. జానెడు పొడుగు, నల్లటి ఇనుము, కాడలో సన్నటి గొట్టం, పక్కన చిన్న రంధ్రం. రెండొందల ఏళ్ల కిందటి జైలర్ ఖైదీల గది తెరుస్తూ చేతిలో పట్టుకునేవాడని అమ్మినాయన కథ చెప్పాడు. కథకే డబ్బిచ్చానని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత ఒక పాత ఆయుధాల ప్రదర్శనలో ఓ పెద్దాయనకు చూపిస్తే ఆయన గొట్టం వైపే చూడలేదు. తాళంచెవి పళ్లను బొటనవేలితో తడిమి, "ఇది ఏ తాళం తీసింది బాబూ?" అన్నాడు. పళ్లు అరగలేదు. అంచుల దగ్గర పోతపోసిన గీత సన్నగా, చుట్టూతా కనిపిస్తోంది. గుంటల్లో నలుపు అన్నిచోట్లా ఒకే మందాన ఉంది. వందేళ్ల మురికి అలా సమానంగా పేరుకోదు, రంగు మాత్రమే అలా పడుతుంది.

అప్పట్నుంచి నా కొలబద్ద ఒక్కటే. తుపాకీ సంగతి తర్వాత, పైకి ఏ వేషం కట్టిందో ఆ వస్తువుగా అది పనికొస్తుందా? కర్ర అయితే దాన్ని ఊతగా పెట్టి నాలుగడుగులు వెయ్యగలమా? చాకు అయితే తెగుతుందా? నిజంగా దాచుకోవడానికి చేసినవాడు ముందు వస్తువును సరిగ్గా చేశాడు, లేకపోతే మోసం మొదటి రోజే బయటపడేది. మనలాంటి వాళ్లకు అమ్మడానికి చేసినవాడు తుపాకీ భాగాన్ని ఆడంబరంగా చేసి, వస్తువును నామమాత్రంగా వదిలేశాడు. వేషం మరీ విడ్డూరంగా ఉంటే అనుమానం కూడా అంతే పెంచుకోవాలి.

దీనికి మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి మన జేబుకు అందవు. వెనిస్‌లోని కొర్రేర్ మ్యూజియంలో డోజ్ (ఆనాటి వెనిస్ పాలకుడు) ఫ్రాంచెస్కో మొరొసీనిదని చెప్పే ప్రార్థన పుస్తకం ఉంది. పేజీల మధ్య తొలిచిన గూట్లో పిస్టల్. పేజీ గుర్తుకు పెట్టుకునే పట్టుదారమే ట్రిగ్గర్, పుస్తకం మూసి ఉన్నప్పుడే లాగాలి. పదిహేడో శతాబ్దపు వస్తువు, ఫలానా మనిషి కోసం చేసింది. అలాంటిది మీ ఇంటి పక్క వేలంలో కనిపిస్తే మాత్రం దండం పెట్టి పక్కకు తప్పుకోండి.

చేతికర్ర తుపాకీ: ఖరీదైనదే, కానీ చదువుకోదగ్గది

ఈ వర్గంలో రాజు అమెరికన్ రెమింగ్టన్ కర్ర. 1858 ఫిబ్రవరి 9న జాన్ ఎఫ్. థామస్ పేరు మీద పేటెంట్ వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ ఊళ్లో రెమింగ్టన్ వాళ్లు 1880ల చివరిదాకా తయారు చేశారు. ఇదే కంపెనీ 1870లలో టైప్‌రైటర్లూ చేసింది, అంటే కర్రలు చేసినవాళ్లూ టైప్‌రైటర్లు చేసినవాళ్లూ ఒకే ఊరి మనుషులు. పిడిని వెనక్కి లాగితే గుర్రం, అంటే కొట్టి పేల్చే సుత్తి, ఎక్కుతుంది, గురి చూసే చిన్న గాడి బయటపడుతుంది, ట్రిగ్గర్ అడుగున ఒక బొత్తాంలా ఉంటుంది. కింద పొన్ను ఉండాల్సిన చోట గొట్టం మూతి. పిడుల్లో కుక్కతల, పక్షి గోళ్లు పట్టుకున్న బంతి, మామూలు వంకీ అని రకాలున్నాయి. కుక్కతలకు గిరాకీ ఎక్కువ.

దీని అసలు అందం పైతొడుగులో ఉంది. నల్లగా, కొమ్ములా మెరిసే ఆ పదార్థం గట్టాపర్చా, మలయా ప్రాంతపు చెట్ల పాలతో చేసింది. ఆ రోజుల్లో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు కూడా ఇదే తొడుగు, గోల్ఫ్ బంతులూ దీంతోనే చేసేవారు. వేడికి మెత్తబడుతుంది, ఎండకూ గాలికీ ఏళ్లు గడిచే కొద్దీ పెళుసెక్కుతుంది. అందుకే నూటయాభై ఏళ్ల కర్ర మీద ఒక్క పెచ్చు కూడా ఊడలేదంటే దానికి రెట్టింపు ధర పెట్టినా తప్పులేదు, లేదా అది మళ్లీ పోసిన తొడుగేమో చూసుకోవాలి. నేను చేతిలోకి తీసుకున్న మొదటి రెమింగ్టన్ కర్ర పిడి దగ్గర వెంట్రుకంత బీట ఉంది. వేలిగోరు దాని మీదుగా పోతే టక్కున తగిలేది. తొడుగు రంగు కూడా నిజానికి నలుపు కాదు, వెలుతురులో పట్టుకుంటే కుంకుడుకాయ రంగు అంచు కనిపించింది. కొత్త ప్లాస్టిక్ పోత అలా కనిపించదు. నూనె రాయకండి, కిటికీ పక్కన ఎండ తగిలేలా పెట్టకండి, కారు డిక్కీలో వేసవి మధ్యాహ్నం వదలకండి.

రెమింగ్టన్ కర్రలు రెండు తరాలు. మొదటివి పెర్కషన్ క్యాప్‌వి: మందు, గుండు విడివిడిగా కూరి, క్యాప్ (దెబ్బ తగిలితే రవ్వ పుట్టించే బుల్లి లోహపు టోపీ) పెట్టి పేల్చేవి. 1860ల మధ్య తర్వాతివి .22, .32 అంగుళాల రిమ్‌ఫైర్ తూటాలవి, అంటే అడుగు అంచున కొడితే పేలేవి. చూడ్డానికి రెండూ ఒకటే అయినా, అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ తేడా పిడి మీది కుక్కతల కన్నా చాలా ముఖ్యం. ఎందుకో చెబుతాను, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

అమెరికా 1968 తుపాకుల చట్టం ప్రకారం 1898లోగానీ అంతకు ముందుగానీ తయారైన తుపాకీని పురాతనమైనదిగా లెక్కేస్తారు. ఇది విని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కానీ కర్ర తుపాకులు, పెన్ను తుపాకుల్లాంటివి 1934 జాతీయ తుపాకుల చట్టం కిందికీ వస్తాయి. ఆ చట్టంలో పురాతనం అనే మాటకు అర్థం ఇంకా ఇరుకు. క్యాప్‌తో పేలే పాతదైతే చిక్కు లేదు. తూటాతో పేలేదైతే తయారీ సంవత్సరం ఒక్కటే చాలదు, ఆ తూటా ఇప్పుడు మామూలు దుకాణాల్లో దొరకకూడదు కూడా. .22 తూటాలు అమెరికాలో కిరాణా సామాను అమ్మే పెద్ద దుకాణాల్లో సైతం దొరుకుతాయి. కాబట్టి 1870ల .22 కర్ర కొనేముందు ఆ ఒక్క నమూనా చట్టం ముందు ఎక్కడ నిలబడిందో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. అమ్మేవాడి నోటిమాటకు విలువ లేదు. పైగా రాష్ట్రాల చట్టాలు వేరే ఉన్నాయి. కాలిఫోర్నియా చట్టం కర్ర తుపాకీని పేరుపెట్టి మరీ ప్రస్తావిస్తుంది. వీటన్నిటి వల్ల నా సలహా: రెమింగ్టనే కావాలనుకుంటే క్యాప్ రకమే చూడండి. తక్కువ కనిపిస్తుంది, ఎక్కువ అడుగుతారు, కానీ రాత్రి నిద్ర పడుతుంది.

రెమింగ్టన్ ధర చూసి గుండె ఆగితే ఇంగ్లిష్ కర్రలున్నాయి. డెవన్ కౌంటీ బార్న్‌స్టేపుల్ ఊరికి చెందిన జాన్ డే 1823లో పేటెంట్ తీసుకున్న రకం వాటిలో తొలితరానిది. గుర్రం కింది వైపు ఉంటుంది, మొత్తం క్యాప్‌తోనే పని. దొంగవేటగాళ్లకు ఇలాంటి కర్రలంటే ఇష్టమని అంటారు. జమీందారు అడవిలో కుందేలును కొట్టి, కర్ర ఊపుకుంటూ ఇంటికి పోవచ్చుగా. పేరు చెక్కని ఇంగ్లిష్, బెల్జియన్, ఫ్రెంచ్ కర్రలు ఇంకా అనేకం తిరుగుతున్నాయి. నాణ్యత ఒక్కోదానిది ఒక్కో తీరు, ఒక వరసలో పెట్టలేం.

మరో దారి గాలికర్ర. పై సగం గాలి నింపుకునే సీసా, కింది సగం గొట్టం. పంపుతో గాలి ఎక్కించి పేల్చేవారు. మందు లేదు, పొగ లేదు. ఎక్కువగా బర్మింగ్‌హామ్‌లో చేసి, లండన్‌లో రైలీ లాంటి దుకాణాల పేరుతో అమ్మేవారు. పక్షుల నమూనాలు సేకరించే ప్రకృతి శాస్త్రజ్ఞులు ఇష్టపడ్డ వస్తువిది. మందు పేలదు కాబట్టి అమెరికా కేంద్ర చట్టం దీన్ని తుపాకీగా చూడదు. పంపు, తాళం, గుండ్ల అచ్చుతో సహా అసలు పెట్టెలో దొరికితే, నా మటుకు నేను పేరు లేని మామూలు కర్ర తుపాకీ కన్నా దీన్నే ఎంచుకుంటాను. ఒక్కటే షరతు: అందులో మళ్లీ గాలి నింపకండి. నూటయాభై ఏళ్ల రేకు సీసా అది, పగిలితే చేతిలోనే పగులుతుంది.

చాకు పిస్టల్: మొదటిసారి కొనేవాళ్లకు ఇదే

షెఫీల్డ్ అంటే ఇంగ్లండ్‌లో చాకుల ఊరు. అక్కడి అన్విన్ అండ్ రాడ్జర్స్ వాళ్లు పందొమ్మిదో శతాబ్దం మధ్యలో చేసిన చాకు పిస్టళ్లు ఇప్పటికీ వేలాల్లో తరచూ కనిపిస్తాయి. మడతచాకు ఆకారం. జర్మన్ సిల్వర్ (వెండి లేని, వెండిలా మెరిసే మిశ్రమ లోహం) చట్రం, పక్కలకు కొమ్ము పలకలు, రెండు బ్లేడ్లు, చాకు వీపున గొట్టం, మడిచి లోపల దాచే ట్రిగ్గర్. పిడి కొసలో చిన్న మూత తీస్తే క్యాపులు పెట్టుకునే అర. పక్క గాడుల్లో గుండు పోసుకునే బుల్లి అచ్చు ఒకటి, మందు కూరడానికి పనికొచ్చే చిమటా (బుల్లి పట్టుకారు) ఒకటి.

చాకును చాకుగా చూసినప్పుడు ఇది ఎందుకు గెలుస్తుందో తెలుస్తుంది. షెఫీల్డ్ పనివాడికి చాకు చెయ్యడం తరతరాల విద్య, తుపాకీ అదనం. బ్లేడు మీద గోరు పట్టే గాడి సరైన చోట ఉంటుంది, తెరిస్తే చటుక్కున నిలబడుతుంది, మూస్తే చప్పుడు గట్టిగా వస్తుంది. నకలు చాకులో స్ప్రింగ్ నీరసంగా ఉంటుంది, బ్లేడు మొద్దుగా, పదును ఎన్నడూ పెట్టనట్టు ఉంటుంది. అసలు చాకులో పెద్ద బ్లేడు సాన పట్టీ పట్టీ కొంచెం సన్నబడి ఉంటుంది. అది లోపమని కొందరు బేరం చేస్తారు. నాకైతే అదే జన్మపత్రిక. వాడినవాడు రొట్టె కోసుకున్నాడు, కలం చెక్కుకున్నాడు, పిస్టల్ పేల్చే అవసరం బహుశా ఒక్కసారీ రాలేదు.

కొనేటప్పుడు చూడాల్సినవి: బ్లేడు మొదట్లో తయారీదారు పేరు, గొట్టం మీద బర్మింగ్‌హామ్ పరీక్షాలయం ముద్రలు, ఆ అచ్చు, చిమటా. ఈ చివరి రెండూ నూటికి తొంభై చాకుల్లో లేవనే నా కంటి లెక్క. రెండూ ఉంటే ధర ఎగురుతుంది, ఎగరాలి కూడా. కానీ విడిగా తెచ్చి దూర్చినవి కూడా ఉంటాయి. గాడిలో బిగువుగా, అలవాటుగా కూర్చుంటుందా, గలగలలాడుతుందా అన్నది చూడండి. క్యాప్ రకమైతే పైన చెప్పిన చట్టపు చిక్కు లేదు. తర్వాత వచ్చిన తూటా రకాలకు ఆ చిక్కు మళ్లీ మొదలు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో చేసిన .22 చాకు పిస్టళ్ల జోలికి అసలు పోవద్దు.

మిగతావి, గబగబా

పర్సు రివాల్వర్: న్యూరెంబర్గ్‌కు చెందిన ఆస్కార్ ఫ్రాంకెనో 1877లో పేటెంట్ చేసిన చిల్లర సంచి. ఒక అర నాణేలకు, రెండో అరలో బుల్లి పిన్‌ఫైర్ (తూటా పక్కన పొడుచుకొచ్చిన సూదిని కొడితే పేలే) రివాల్వర్. అద్భుతమైన వస్తువు, అరుదు, చాలా ప్రియం. తోలు ఎండి చిట్లుతుంది. దీన్ని అద్దాల పెట్టెలో చూసి ఆనందించమంటాను.

అరచేతి పిస్టల్: పారిస్ మనిషి టర్బియో 1882లో తెచ్చిన ల ప్రొటెక్టర్. గుండ్రటి డబ్బీలా ఉంటుంది, వేళ్ల మధ్యనుంచి గొట్టం బయటికి చూస్తుంది, అరచేత్తో నొక్కితే పేలుతుంది. 1893 షికాగో ప్రదర్శనలో అమ్ముదామని అక్కడి కంపెనీ ఒకటి మసాచుసెట్స్‌లోని ఏమ్స్ ఫ్యాక్టరీకి భారీ ఆర్డర్ ఇచ్చింది, సరుకు సమయానికి అందలేదు, వ్యవహారం కోర్టుకెక్కింది. దీన్ని ఈ జాబితాలో పెట్టడం నాకిష్టం లేదు. ఇది వేషం కట్టలేదు, దాక్కుంది అంతే. యంత్రాల పిచ్చి ఉంటే కొనుక్కోండి.

పెన్ను తుపాకులు చాలావరకు ఇరవయ్యో శతాబ్దం సరుకు. ఎక్కడ ఉన్నా వద్దు. పొగతాగే పైపు పిస్టళ్లు, తాళంచెవులు నమ్మకమైన చరిత్ర కాగితాలతో సహా వస్తే తప్ప వద్దు.

వేషం తిరగేసిన వస్తువు

ఇక్కడ నేనొక నాలుగో దారి చూపిస్తాను. ఇంట్లో భార్యకో తల్లికో తుపాకీ అనే మాటే గిట్టకపోతే ఇది మీ కోసమే. పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ ఇళ్లలో అగ్గిపుల్లలు లేవు. నిప్పు రాజేయడానికి పిస్టల్ ఆకారంలో ఒక పరికరం చేశారు. పిడి ఉంది, ట్రిగ్గర్ ఉంది, చకుముకి రాయి పట్టుకున్న గుర్రం ఉంది. గొట్టం మాత్రం లేదు. దాని చోట ఎండిన దూది లాంటి సామాను పెట్టే చిన్న పెట్టె. ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కును గీరి, నిప్పురవ్వ పెట్టెలో పడుతుంది. కొన్నిటికి పక్కన కొవ్వొత్తి గుచ్చుకునే చోటు కూడా ఉంటుంది. తుపాకీలా కనిపించే వంటింటి వస్తువన్నమాట. గుండు పోయే దారే లేదు కాబట్టి భయం లేదు, పనితనం మాత్రం అసలు చకుముకి పిస్టల్‌కు తీసిపోదు. బొమ్మ చూపించి "ఇదేంటో చెప్పుకోండి" అంటే వచ్చినవాళ్లందరూ తప్పే చెబుతారు.

ఇండియాలో ఉన్నవాళ్ల సంగతి

హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ అడిగేవాళ్లకు వేరే సమాధానం. ముందు అమెరికా నుంచి బావమరిది సూట్‌కేసులో తెచ్చి పెడతాడన్న ఆలోచన మానుకోండి. పాతదైనా, పైకి కర్రలా కనిపించినా, విమానాశ్రయంలో ఎక్స్‌రే కింద అది తుపాకీయే. లైసెన్సు లేకుండా తెస్తే కథ పోలీసుల దగ్గర ముగుస్తుంది.

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాత ఆయుధాలకు మినహాయింపు ఉంది, నిజమే. కానీ దాన్ని సగమే చదివి అమ్మేవాళ్లు ఎక్కువ. పాతకాలపు నమూనా అయినా, పురాతన విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి అని అందులో రాసుంది. బాగుచేస్తే పేలే క్యాప్ కర్ర ఆ మినహాయింపులోకి రాదు, దానికి లైసెన్సు కావాలి. వందేళ్లు దాటిన పురావస్తువు దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మామూలు మనిషికి కుదరదు. అమ్మే వ్యాపారికి కూడా ఆ చట్టం కింద లైసెన్సు ఉండాలి, ముందు దాన్ని చూపించమనండి.

మన వైపు ఈ వేషాల సంప్రదాయం తుపాకీ కన్నా కత్తితో ముడిపడింది. గుప్తీ తెలియనివాళ్లుండరు. పైకి చేతికర్ర, పిడి తిప్పి లాగితే సన్నటి కత్తి. మొగలుల కాలంలో దొరలు ఆసనం మీద చెయ్యి ఆనించుకునే పొట్టి ఊతకర్రలోనూ కత్తి దాచేవారు, దాని పేరు జఫర్ తకియా. కొలబద్ద ఇక్కడా అదే: కత్తికి ఒరగా ఉన్న కర్ర నేల మీద ఆనితే బరువు మోస్తుందా, పొన్ను అరిగిందా, అతుకు గీత కంటికి కనపడకుండా కలిసిపోయిందా? అయితే గుప్తీలాంటి కత్తి దాచిన కర్ర కూడా ఆయుధాల నిబంధనల్లో కత్తుల వర్గంలో ఉంది. మీ జిల్లాలో దానికి లైసెన్సు అవసరమా లేదా అన్నది కలెక్టరేట్‌లోనో కమిషనరేట్‌లోనో అడగాల్సిందే. తాతగారిది అటక మీద దొరికినా సరే. కొనే ముందు ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లండి. అక్కడ చేతికర్రలకే ఒక గ్యాలరీ ఉంది, ఆయుధాలకు ఇంకొకటి. రెండూ ఒకే పూట చూస్తే మంచి కర్ర అంటే ఏమిటో కంటికి పడుతుంది, ఆ తర్వాత నకలు కర్ర దూరం నుంచే తెలిసిపోతుంది.

లండన్‌లో ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. ఇంకో వస్తువులా వేషం వేసిన తుపాకీని బ్రిటన్ వాళ్ల 1968 తుపాకుల చట్టం ఐదో సెక్షన్ పూర్తిగా నిషేధించింది. 58వ సెక్షన్ కింద పురాతన వస్తువుగా, అలంకారం కోసం మాత్రమే పెట్టుకునేదానికి మినహాయింపు ఉంది. దానికి వర్తించే నియమాలను 2021లో మళ్లీ రాశారు. తూటా రకమైతే ఆ జాబితా చూడకుండా కొనకండి. క్యాప్ రకం చాకు అక్కడా నిశ్చింత.

ఏది కొన్నా ఒక పని మాత్రం తప్పదు. మూతి నుంచి మందు కూరే పాత తుపాకులు నూరేళ్లుగా లోపల మందుతోనే ఉండిపోయిన సందర్భాలున్నాయి. తెలిసిన తుపాకీ మేస్త్రీ చేత గొట్టం ఖాళీగా ఉందని తేల్చుకునే వరకు గుర్రం ఎక్కించడం, ట్రిగ్గర్ నొక్కి చూడడం వద్దు. తర్వాత కూడా పేల్చే సరదా వద్దు.

మా తమ్ముడి సంగతికొస్తే, తాళంచెవి గురించి అడిగిన ప్రశ్నకు వేలం వాళ్ల నుంచి జవాబే రాలేదు. కర్ర .22 అని తేలింది. చాకు పక్క గాడులు కనిపించేలా ఫొటో పంపమన్నాం. అచ్చు ఉంది, చిమటా లేదు. వాడు చాకు పాడి గెలుచుకున్నాడు. పార్సిల్ వచ్చిన రోజు వీడియో కాల్ పెట్టాడు. మేస్త్రీ చూసి ఖాళీ అని చెప్పాడట. చిన్న బ్లేడును గోరుతో తెరిచాడు, చటుక్కున నిలబడింది. "బాగా తెగుతుందనుకుంటా అన్నయ్యా" అంటూ పార్సిల్ అట్టపెట్టె మీది టేపుకు ఆనించబోయాడు. ఇక్కడ నేను అరిచిన అరుపుకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.